డేటా ఏడున్నది, చెల్లె?

ముప్పై ఏడు శాతం దగ్గర ఆగిపోయింది. చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, అంకె మాత్రం కదలదు. అప్‌డేట్ అవుతోంది, కంప్యూటర్ ఆపొద్దు అని తెర మీద రాసి ఉంది. గంటసేపు అలాగే చూశాను. గురువారం రాత్రి. బహ్రెయిన్‌లో శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి మనకి శనివారం రాత్రి ఎలాగో ఇక్కడ గురువారం రాత్రి అలాగ. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఈ ఒక్క రాత్రీ కూర్చుంటే వ్యాట్ లెక్క తేలిపోతుందని టీ కూడా పెట్టుకున్నాను. టీ చల్లారింది. ఓపిక చచ్చి పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను.

మళ్లీ ఆన్ చేస్తే నీలం తెర, దాని మీద మూతి ముడుచుకున్న బొమ్మ. కింద 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని ఇంగ్లీషు అక్షరాలు. ఆపి ఆన్ చేశాను, మళ్లీ అదే. నాలుగోసారికి నా మూతి కూడా అలాగే ముడుచుకుంది.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పదకొండేళ్లుగా బహ్రెయిన్‌లో ఉంటున్నాం. అద్లియాలో రెండు కెఫెటేరియాలు నడిపే చిన్న కంపెనీకి నేను అకౌంటెంట్‌ని. ఇక్కడ వ్యాట్ 2019 జనవరి 1న 5 శాతంతో మొదలైంది, 2022 జనవరి 1 నుంచి 10 శాతం అయింది. మాలాంటి చిన్న కంపెనీ మూడు నెలల లెక్క కట్టి, ఆ తర్వాతి నెల ఆఖరు లోపల నేషనల్ బ్యూరో ఫర్ రెవెన్యూకి పంపాలి. ఏప్రిల్, మే, జూన్ నెలల లెక్కకి గడువు జూలై 31. ఇది 2025 జూలై మాట. గడువుకి సరిగ్గా వారం ఉంది. టాలీ అనే అకౌంటింగ్ ప్రోగ్రాములోని కంపెనీ లెక్కలు, పాప పుట్టిన దగ్గర్నుంచి తీసిన ఫొటోలు, ఊరి పొలం కాగితాల స్కాన్లు అన్నీ ఆ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఇంటి సామాను, ఆఫీసు సామాను ఒకే పెట్టెలో పెట్టడం నా మొదటి తప్పు. పవర్ బటన్ నొక్కడం రెండోది.

మర్నాడు సాయంత్రం ఓ రిపేరు షాపుకి పట్టుకెళ్లాను. అతను లాప్‌టాప్ మూతైనా తియ్యకుండా, "ఫార్మాట్ కొట్టేద్దాం సిస్టర్, పది దీనార్లు" అన్నాడు. మన డబ్బుల్లో రెండు వేల రూపాయల పైమాట. "మరి లోపలున్నవో?" అంటే, "అవి పోతాయి" అన్నాడు, వాన పడితే తడుస్తాం అన్నంత మామూలుగా. మూతి ముడుచుకున్న లాప్‌టాప్‌ని చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

మా పై అంతస్తులో జగిత్యాల అన్నయ్య ఉంటారు. ఒక హోటల్లో కంప్యూటర్లు చూసుకునే పని. ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి పదకొండైంది. నా గోడంతా విని ఒక్కటే అడిగారు.

"ఫార్మాట్ ఎప్పుడన్న కొట్టొచ్చు. ముందుగాల నీ డేటా ఏడున్నది, చెల్లె?"

"లాప్‌టాప్‌లో ఉంది, అన్నయ్యా."

"గది నాకెరుకనే. లాప్‌టాప్‌ల ఏడున్నది?"

నా దగ్గర సమాధానం లేదు. ఆరేళ్లుగా రోజూ తెరుస్తున్న పెట్టెలో ఏది ఏ మూలనుందో నాకు తెలియదు. ఆ రాత్రి నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

తాళాల మనిషి రాకపోతే

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో మా కెఫెటేరియా లెక్కన చెప్తాను. తెల్లారుజామున షట్టర్ లేవాలంటే తాళాలున్న మనిషి రావాలి. ఆయనొచ్చి తలుపు తీసి, కరెంటు వేసి, గ్యాస్ తిప్పి, ఎవరి పని వాళ్లకి అప్పజెబుతాడు. ఆ తర్వాతే పరోటా. లాప్‌టాప్‌లో ఆ మనిషే విండోస్. నా అప్‌డేట్ సగంలో తెగిపోవడంతో ఆ మనిషి తాళాల గుత్తి ఎక్కడో జారిపోయింది. షట్టర్ లేవలేదు. అంతమాత్రాన లోపల పిండి బస్తాలు ఎక్కడికీ పోలేదు.

షాపతను చెయ్యబోయింది ఏమిటంటే, షట్టర్ బద్దలుకొట్టి, సరుకంతా వీధిలో పోసి, కొత్త తాళాల మనిషిని పెట్టడం. షాపు మళ్లీ నడుస్తుంది, నిజమే. సరుకు మాత్రం ఉండదు.

అందుకే కొత్త విండోస్ ఎక్కించే ముందు పాతదాన్ని బతికించే ప్రయత్నం ఒకటి ఉంటుంది. వరసగా రెండు మూడు సార్లు లేవలేకపోతే విండోస్ తనంతట తనే రిపేరు తెర చూపిస్తుంది. అందులో 'స్టార్టప్ రిపేర్' ఉంటుంది, కొత్తగా వచ్చిన అప్‌డేట్‌ని తీసేసే దారి ఉంటుంది, 'సిస్టమ్ రిస్టోర్' పెట్టుకుని ఉంటే పాత తేదీకి వెనక్కెళ్లే వీలుంటుంది. చాలా సిస్టమ్స్ ఇక్కడే లేస్తాయట. నాది లేవలేదు. 'రీసెట్ దిస్ పీసీ' అని ఇంకోటి ఉంది. అందులో 'కీప్ మై ఫైల్స్' ఎంచుకుంటే మన ఫైళ్లు ఉంచి, మనం వేసుకున్న ప్రోగ్రాములు తీసేసి, విండోస్‌ని మళ్లీ వేస్తుంది. నేను సంబరంగా దాని మీద నొక్కబోతే అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టారు. "ఉంచుత అని అది చెప్తది. కాపీ నీ చేతిలున్నంక నమ్ముదాం."

బ్లాకు 338, బిల్డింగ్ నంబరు ఎంత?

ఫార్మాట్ అంటే నిజంగా ఏం చెరిగిపోతుంది? బహ్రెయిన్ అడ్రసు తెలిసినవాళ్లకి ఇది సుళువుగా అర్థమవుతుంది. ఇక్కడ అడ్రసంటే నంబర్లే: ఫ్లాటు, బిల్డింగ్, రోడ్డు, బ్లాకు. అద్లియాలో కార్లు రాకుండా ఆపేసి, రెస్టారెంట్లతో, గోడల మీద బొమ్మలతో కళకళలాడే పేట ఉంది. దాని పేరే 'బ్లాక్ 338'. పేటకి నంబరే పేరైపోయింది.

డిస్కు కూడా అలాంటి ఊరే. మొత్తం చిన్న చిన్న గదులుగా కోసి ప్రతిదానికీ ఒక నంబరు ఇస్తారు. పాప ఫొటో ఒకటి కొన్ని వందల గదుల్లో సర్దుకుని ఉంటుంది. ఏ ఫైలు ఏ గదుల్లో ఉందో రాసుకునే రిజిస్టరు వేరే ఉంటుంది. 'క్విక్ ఫార్మాట్' కొడితే చిరిగేది ఆ రిజిస్టరే. పాతకాలపు తిరిగే హార్డ్ డిస్కులో మనుషులు గదుల్లోనే ఉంటారు, కొత్తవాళ్లు వచ్చి దిగేదాకా. అందుకే డేటా రికవరీ చేసేవాళ్లు గది గదికీ తలుపు తట్టి కొంత వెనక్కి తేగలుగుతారు.

ఇప్పటి లాప్‌టాప్‌లలో ఉండే ఎస్‌ఎస్‌డీలో సంగతి వేరు. రిజిస్టరులోంచి పేరు తీసెయ్యగానే, ఆ గదులు ఖాళీ అని డిస్కుకి కబురు వెళ్తుంది. దీన్ని ట్రిమ్ అంటారు. ఆ కబురందుకుని డిస్కు గదుల్ని తీరిగ్గా కడిగేసుకుంటుంది. కాబట్టి 'ఫార్మాట్ అయినా రికవరీ చేయించుకోవచ్చులే' అనే పాత ధైర్యం ఎస్‌ఎస్‌డీ దగ్గర పనికిరాదు.

వేరే తాళంతో లోపలికి

షట్టర్ లేవకపోతే సరుకు బయటికి తెచ్చేదెలా? దీనికో ఉపాయం ఉంది. లినక్స్ అనేది ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్. అందులో ఉబుంటు బాగా వాడుకలో ఉన్న రకం; 2004 అక్టోబరులో మొదలైంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, లాప్‌టాప్‌లోని డిస్కుని ముట్టకుండా ఆ పెన్‌డ్రైవ్ మీదే నడపొచ్చు. అన్నయ్య జేబులో అలాంటి పెన్‌డ్రైవ్ ఎప్పుడూ ఉంటుంది.

ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట కొట్టాలి. కంపెనీని బట్టి ఆ మీట మారుతుంది. డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. మెనూ వచ్చాక పెన్‌డ్రైవ్‌ని ఎంచుకుని, 'ఇన్‌స్టాల్' జోలికి పోకుండా 'ట్రై ఉబుంటు' అనాలి. రెండు నిమిషాల్లో నా లాప్‌టాప్ మీద ముక్కూ మొహం తెలియని తెర వచ్చింది. అందులో ఒక మూల నా సి డ్రైవ్! విండోస్ సరిగ్గా మూతపడలేదు కాబట్టి చదవడానికే తెరుచుకుంది, రాయడానికి కాదు. మనకి కావలసిందీ అంతే.

కాపీ చేసే ముందు ఆయన డిస్కు ఆరోగ్యం చూశారు. డిస్కు తన జబ్బు లెక్క తనే రాసుకుంటుంది. దాన్ని చదివే ప్రోగ్రాములుంటాయి. హార్డ్ డిస్కు టక్ టక్‌మని చప్పుడు చేస్తున్నా, కాపీ మధ్యలో పదే పదే ఆగుతున్నా అక్కడితో ఆపెయ్యాలి. అది విండోస్ జబ్బు కాదు, డిస్కు జబ్బు. పోతున్న డిస్కు మీద కొత్త విండోస్ వెయ్యడం, పుచ్చిన గోడకి సున్నం కొట్టడం. నా డిస్కు గట్టిగానే ఉంది.

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్: నాలుగు ఫోల్డర్లు, 58 జీబీ, బయటి డిస్కులోకి కాపీ పెట్టాం. హమ్మయ్య అనుకుని నేను మళ్లీ టీ పెట్టడానికి లేచాను.

"టాలీ డేటా వచ్చిందా?" అన్నారు వెనక నుంచి.

"డాక్యుమెంట్స్‌లో ఉంటుందిగా, అన్నయ్యా."

లేదు. టాలీప్రైమ్ వేసినప్పుడు మనం వేరే చోటు చెప్పకపోతే, కంపెనీ లెక్కలు సి డ్రైవ్‌లో, 'యూజర్స్' కింద, మన పేరున్న ఫోల్డర్లో కాకుండా 'పబ్లిక్' అనే ఫోల్డర్లో ఉంటాయి. అందులో టాలీప్రైమ్, దాని లోపల డేటా, దాని లోపల వట్టి అంకెల పేరుతో ఒక ఫోల్డర్. రెండు కెఫెటేరియాల ఆరేళ్ల లెక్క ఆ అంకెల వెనక కూర్చుని ఉంది. ఆ ప్రశ్న అడగకపోతే దాన్ని నా చేత్తో నేనే చెరిపేసి ఉండేదాన్ని. కొలిమిలా ఉండే ఆ జూలై రాత్రి నాకు చేతులు చల్లబడ్డాయి.

లాప్‌టాప్‌కి విండోస్‌లోని బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే ఈ ఉపాయం ఒట్టినే పారదు. 48 అంకెల రికవరీ కీ కావాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవాళ్లకి మామూలుగా అది ఆ ఖాతాలో దాచి ఉంటుంది. నాది పాత పద్ధతి లాగిన్ కావడంతో తాళం లేదు. అది నా తెలివి కాదు, అదృష్టం.

ఒక్కొక్కటిగా, చేత్తో

కాపీ అవుతుండగా అన్నయ్య 2024 జూలై 19 సంగతి చెప్పారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర మీద నిలబడిపోయాయి. మొత్తం విండోస్ యంత్రాల్లో అది ఒక శాతం కూడా కాదట. అయినా విమానాలు ఆగాయి, ఆసుపత్రులు ఆగాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. కంపెనీ గంటన్నర లోపే తప్పు సరిదిద్దినా, అప్పటికే పడిపోయిన యంత్రాల్లో చాలావాటికి ఆ మందు అందే దారి లేదు. లేస్తేగా నెట్‌కి తగులుకునేది! చాలాచోట్ల ఒక్కో యంత్రం దగ్గరికి మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ పాడు ఫైలు తీసెయ్యాల్సి వచ్చింది. తాళం ఉన్న యంత్రాలకి ఆ 48 అంకెలూ వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఆళ్లెవ్వలు ఫార్మాట్ కొట్టలే, చూసినవా? పాడైంది ఒక్క ఫైలు. ఆ ఒక్కటి దీసేసిన్రు," అన్నారు.

కొత్త విండోస్ ఎక్కించడం

కాపీలు తెరిచి, ఒకటి రెండు ఫొటోలూ ఒక ఎక్సెల్ ఫైలూ చూసుకున్నాక అసలు పని మొదలైంది. వినడానికి పెద్దదిగా ఉంటుంది గానీ, మొత్తంలో తేలికైన భాగం ఇదే.

ముందు బూటబుల్ పెన్‌డ్రైవ్ కావాలి. బాగున్న మరో కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి 'మీడియా క్రియేషన్ టూల్' ఉచితంగా దించుకుని, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే అదే తయారు చేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ చెరిగిపోతాయి. ఇక్కడా అదే ప్రశ్న: ఇందులో ఏమున్నాయి? మా పాప డాన్సు వీడియోలు ఉన్నాయి, తీసి పక్కన పెట్టాం.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని అప్పటికే చెప్పేసింది. మూడు నెలల ముచ్చటకి పాతదే ఎందుకని 11 వేశాం. దానికి 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ ఉండాలి. నా 2019 లాప్‌టాప్ ఆ గీత దాటింది. దాటని పాతవాటికి లినక్స్ మింట్ లాంటివి హాయిగా సరిపోతాయి.

ప్రోడక్ట్ కీ అడిగినప్పుడు చాలామంది అక్కడే ఆగిపోయి ఎవరి దగ్గరో దొంగ కీ కొంటారు. అక్కర్లేదు. కంపెనీ నుంచే విండోస్‌తో వచ్చిన లాప్‌టాప్ అయితే కీ మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది, లేదంటే మీ యంత్రం గుర్తు మైక్రోసాఫ్ట్ దగ్గర ఉంటుంది. 'ఐ డోంట్ హావ్ ఎ ప్రోడక్ట్ కీ' అని నొక్కి, ముందున్న రకమే, అంటే హోమ్ ఉంటే హోమ్, ప్రో ఉంటే ప్రో, ఎంచుకోవాలి. నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది.

తర్వాత వచ్చే తెర ఒక్కటే జాగ్రత్తగా చూడాల్సింది. డిస్కులో ముక్కలన్నీ, అంటే పార్టిషన్లు, వరసగా కనిపిస్తాయి. 'డిస్క్ 0' ఏది, 'డిస్క్ 1' ఏది అని సైజు చూసి పోల్చుకోవాలి. ఫొటోల కాపీ ఉన్న బయటి డిస్కు వైరు అప్పటికే పీకేసి ఉండాలి. అన్నయ్య నా చేత వైరు పీకించి, డిస్కుని బీరువాలో పెట్టించి, అప్పుడే 'డిలీట్' నొక్కనిచ్చారు. డి డ్రైవ్ వేరుగా ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకుండా సి ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. నాకు డి లేదు. పాత ముక్కలన్నీ తీసేసి, ఖాళీ చోటు చూపించి 'నెక్స్ట్' అన్నాం. ఇరవై నిమిషాల్లో కొత్త తాళాల మనిషి వచ్చేశాడు.

వచ్చాడు గానీ వైఫై తెలియదన్నాడు. దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాము, అంటే డ్రైవర్, రాలేదు. డ్రైవర్ నెట్‌లో ఉంది, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. ఇక్కడే సగం మంది జుట్టు పీక్కుంటారు. ఫోనుని ఛార్జింగ్ వైరుతో లాప్‌టాప్‌కి తగిలించి 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేస్తే చాలు, ఫోను నెట్ వస్తుంది. దాంతో విండోస్ అప్‌డేట్ నడిపితే మిగతా డ్రైవర్లు వాటంతటవే దిగాయి. ఈసారి అప్‌డేట్ 37 శాతం దగ్గర కాసేపు నిలబడితే, నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

కొత్త విండోస్ పరాయి ఇల్లులా ఉంటుంది. సెట్టింగ్స్‌లో భాషల దగ్గరికెళ్లి తెలుగు కలిపాను. ఫొనెటిక్ కీబోర్డు ఉంది, ఇన్‌స్క్రిప్ట్ ఉంది. నాకు అలవాటు ఇన్‌స్క్రిప్టే. బహ్రెయిన్‌లో కొన్న నా కీబోర్డు మీద ఇంగ్లీషూ అరబీ అక్షరాలే ఉంటాయి, తెలుగు నా వేళ్లలో ఉంది. షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత సి, డి, సి. 'అమ్మ' అని పడింది. అప్పుడది నా లాప్‌టాప్ అయింది.

టాలీ మళ్లీ వేసి, సీరియల్ నంబరుతో, రిజిస్టరైన ఈమెయిల్‌తో యాక్టివేట్ చేసి, అంకెల ఫోల్డరుని తెచ్చి దాని చోట పెట్టాను. లెక్కలు తెరుచుకున్నాయి. వ్యాట్ రిటర్న్ 29వ తారీఖున వెళ్లిపోయింది.

పోయినవి

అన్నీ వచ్చాయని వారం రోజులు చెప్పుకుని తిరిగాను. ఒక రోజు పొద్దున లాప్‌టాప్ తెర బోసిగా అనిపించింది. పసుపు చీటీలు లేవు. 'స్టికీ నోట్స్'లో రాసుకునేదాన్ని, ఊరెళ్లేటప్పుడు ఎవరికేం తేవాలో. గల్ఫ్‌లో ఉండేవాళ్లకి ఆ జాబితా ఎంత పనో చెప్పక్కర్లేదు. ఏడాదిన్నరగా ఫోన్లో ఎవరు ఏ మాట అన్నా అక్కడ రాసి పెట్టాను.

ఆ చీటీలు ఉండేది డాక్యుమెంట్స్‌లో కాదు, 'యాప్‌డేటా' అనే దాక్కుని ఉండే ఫోల్డర్లో. నాలుగు ఫోల్డర్లకి బదులు నా పేరున్న ఫోల్డర్ మొత్తం కాపీ చేసి ఉంటే వచ్చేవి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే వాటంతటవే వెనక్కి దిగేవి. రెండూ చెయ్యలేదు. ఎస్‌ఎస్‌డీ ఆ గదుల్ని ఎప్పుడో కడిగేసుకుంది.

ఇప్పుడు నా సామాను మూడు చోట్ల ఉంటుంది: లాప్‌టాప్‌లో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, ఇల్లు దాటి క్లౌడ్‌లో ఒకటి. క్లౌడ్ అంటే ఆకాశంలో ఏమీ ఉండదు, ఎక్కడో ఒక గదిలో పెట్టిన కంప్యూటర్లే. అమెజాన్ మధ్యప్రాచ్యంలో తన మొదటి క్లౌడ్ కేంద్రాన్ని 2019 జూలైలో తెరిచింది ఈ బహ్రెయిన్‌లోనే. కొత్త విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యాక నా డిస్కుకీ తాళం పడింది. ఆ 48 అంకెలూ కాగితం మీద రాసుకున్నాను.

చీటీల కోసం మాత్రం అందరికీ మళ్లీ ఫోన్లు చేశాను. బహ్రెయిన్‌కీ ఊరికీ రెండున్నర గంటల తేడా. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాళ్లు భోజనాల దగ్గర ఉంటారు. అత్తయ్య బాదంపప్పు వద్దంది, పళ్లు కట్టించుకుందట, ఖర్జూరం చాలంది. బాబాయికి టార్చిలైటు ఎవరో తెచ్చిచ్చేశారు. మేనకోడలి బూట్ల సైజు 34 అని గుర్తుంది. వదిన నవ్వి, "ఇంకా 34 ఏంటి వదినా, 37 పట్టట్లేదు" అంది.

ఈసారి జాబితా నోట్‌బుక్‌లో రాశాను. అదెక్కడుందో నన్నడగండి, చెప్తాను: బీరువా పై అరలో, పాస్‌పోర్టుల కింద.